తుపాను రాత్రి ఏ రేడియో పలుకుతుంది? చేత్తో చేసే నాలుగు సెట్లు, జేబులో ఉన్న ఒక ఫోన్

ఫోన్ రివ్యూ అంటే మనకో లెక్క ఉంది. డిస్‌ప్లే ఎంత బ్రైట్, కెమెరా రాత్రి పూట ఎలా తీస్తోంది, ఛార్జింగ్ ఎన్ని నిమిషాలు, గేమింగ్‌లో వేడెక్కుతోందా. వీటన్నిటికీ మార్కులు వేస్తాం. కానీ కరెంటు పోయి, నెట్ పోయి, చివరికి సిగ్నల్ గీతలు కూడా మాయమైపోయాక ఆ ఫోన్ ఎందుకు పనికొస్తుందో మాత్రం ఏ రివ్యూలోనూ రాయం. టార్చ్‌లైట్‌గా పనికొస్తుంది, నిజమే. పాత ఫొటోలు చూసుకోవచ్చు. బయటి నుంచి ఒక్క కబురు మాత్రం రాదు.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని చదివేవాళ్లకి ఇది ఊహాజనితమైన ప్రశ్నలా అనిపించొచ్చు. కోనసీమలో అలా కాదండి. 1996 నవంబర్ 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు అంత పెద్ద నగరంలోనే కరెంటూ మొబైల్ నెట్‌వర్కులూ కుప్పకూలాయి. మొన్నటికి మొన్న 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా మళ్లీ ఈ తీరం వైపే వచ్చింది. అందుకే ఈసారి రివ్యూ టేబుల్ మీదికి ఫోన్లతో పాటు చేత్తో తయారుచేసుకునే నాలుగు రేడియోలను తెచ్చాను. పోటీ ఒక్కటే: మామిడికుదురు మండలం నగరం లాంటి ఊళ్లో, తుపాను రాత్రి, ఏది పలుకుతుంది?

ముందు మ్యాప్ చూద్దాం

రిసెప్షన్ బాగుందా లేదా అన్నది సెట్టును బట్టే కాదు, మీరు ఎక్కడ కూర్చున్నారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. నగరం నుంచి విజయవాడ గాలిలో గీత గీస్తే సుమారు 135 కిలోమీటర్లు, దాదాపు నేరుగా పడమరకి. విశాఖపట్నం ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాద్ 375 కిలోమీటర్ల వరకు ఉంటుంది.

ఆకాశవాణి మీడియం వేవ్ లెక్కలు చూస్తే, 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రానిది 837 కిలోహెర్ట్జ్. విశాఖది 927, హైదరాబాద్‌ది 738. ఈ మూడు అంకెల్లో ఒక తమాషా ఉంది. మూడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడతాయి. మన దగ్గర మీడియం వేవ్‌లో స్టేషన్లకు 9 కిలోహెర్ట్జ్ మెట్ల మీదే చోటు ఇస్తారు కాబట్టి. ఈ 9 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఏఎం తరంగాలు నేలను పట్టుకుని పాకుతాయి. నేల ఎంత తడిగా ఉంటే అంత దూరం పోతాయి, ఉప్పునీళ్ల మీద ఇంకా హాయిగా పోతాయి. గోదావరి డెల్టా లాంటి తడి నేల రేడియోకి వరమే. విశాఖ నుంచి నగరానికి గీత గీసి చూడండి, అందులో మంచి భాగం కాకినాడ దగ్గర సముద్రం మీదుగా పోతుంది. అందుకే దూరం ఎక్కువైనా విశాఖను తీసిపారేయలేం.

ఎఫ్ఎం కథ వేరు. దానికి కంటి చూపు లాంటి దారి కావాలి. వంద మీటర్ల టవర్ మీంచి వచ్చే ఎఫ్ఎం, నేల మీద మామూలు ఎత్తులో ఉన్న సెట్టుకి ఏభై కిలోమీటర్ల దాకా బాగా అందుతుంది. ఆ తర్వాత భూమి గుండ్రంగా ఉండటమే అడ్డొస్తుంది. అంటే ఎఫ్ఎం కావాలంటే దగ్గర్లో టవర్ ఉండాలి, ఆ టవర్ గాలికి నిలబడాలి. ఏఎం అయితే తుపాను తాకని జిల్లాలో ఉన్న ట్రాన్స్‌మిటర్ కూడా మనకి మాట్లాడగలదు. ఈ వ్యాసంలో అసలు విషయం ఇదే.

సెట్టు 1: క్రిస్టల్ రేడియో

బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. ఏరియల్‌లోకి వచ్చిన తరంగం శక్తితోనే పలుకుతుంది. మూడంగుళాల పీవీసీ పైపు ముక్క మీద ఎనామెల్ రాగి తీగ పక్కపక్కనే ఒక యాభై చుట్లు చుడితే 220 మైక్రోహెన్రీల కాయిల్ వస్తుంది. దానికి 365 పికోఫారడ్ల దాకా మారే గ్యాంగ్ కండెన్సర్ కలిపితే మీడియం వేవ్‌లో చాలా భాగం చేతికొస్తుంది. విజయవాడ కోసం ఆ గ్యాంగ్‌ను సుమారు 164 పికోఫారడ్ల దగ్గర ఆపాలి. తర్వాత ఒక జెర్మేనియం డయోడ్, పాత రేడియో మెకానిక్‌ల దగ్గర దొరికే ఓఏ79 గానీ 1ఎన్34ఏ గానీ. చివర క్రిస్టల్ ఇయర్‌ఫోన్. సర్క్యూట్ అయిపోయింది.

జెర్మేనియమే ఎందుకు, రూపాయికి దొరికే మామూలు సిలికాన్ డయోడ్ ఎందుకు కాదు? సిలికాన్ డయోడ్ తలుపు తెరుచుకోవాలంటే 0.6 వోల్టులు కావాలి. 135 కిలోమీటర్ల నుంచి వచ్చే సిగ్నల్ దగ్గర అంత ఎక్కడుంది? జెర్మేనియానికి 0.2, 0.3 వోల్టులు చాలు. ఇలాంటి స్ఫటిక డిటెక్టర్ మీద పేటెంట్ తీసుకున్నది మన జగదీశ్ చంద్ర బోస్, అమెరికాలో, 1904లో. సెమీకండక్టర్ చిప్‌ల గురించి రోజూ మాట్లాడుకునే మనం ఆ కథ ఎక్కడ మొదలైందో చేత్తో పట్టుకుని చూడగలిగే వస్తువు ఇది.

ఇక రిసెప్షన్. పదిహేను ఇరవై మీటర్ల తీగ ఎత్తుగా కట్టి, తడి నేలలో మంచి ఎర్త్ పాతితేనే ఆశ పెట్టుకోండి. అప్పుడు కూడా గొంతు సన్నగానే ఉంటుంది, పక్కన ఫ్యాన్ తిరిగితే వినపడదు. రెండో సమస్య, స్టేషన్లను విడదీయలేదు. ఏరియల్, ఇయర్‌ఫోన్ కాయిల్‌ను లాగేస్తుంటే దాని క్యూ 30కి పడిపోయిందనుకోండి, 837 దగ్గర సుమారు 28 కిలోహెర్ట్జ్ వెడల్పున తలుపు తెరిచి పెట్టినట్టే. స్టేషన్ల మధ్య మెట్టు 9 అని చెప్పుకున్నాం కదా. అంటే మూడు స్టేషన్లకు సరిపడా తలుపు అది. విజయవాడ, విశాఖ మధ్య 90 కిలోహెర్ట్జ్ దూరం ఉన్నా, ఒకటి గట్టిగా వస్తుంటే రెండోది వింటున్నప్పుడు వెనక నుంచి అది గొణుగుతూనే ఉంటుంది.

మూడో సమస్య అన్నిటికంటే పెద్దది. తుపాను రాత్రి బయట కట్టిన పొడుగాటి తీగ చెవికి పెట్టుకోవడం అంటే పిడుగుకి చెవి అప్పగించడమే. గాలీ ఉరుములూ మొదలయ్యేలోపే ఏరియల్ ఊడదీయాలి. బ్యాటరీ అక్కర్లేని రేడియో కాబట్టి విపత్తులో ఇదే రాజు అని వీడియోల్లో చెబుతుంటారు. సరిగ్గా ఆ రాత్రే దీన్ని వాడకూడదు. నేర్చుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

సెట్టు 2: ఒక్క చిప్, ఒక్క సెల్

1972లో బ్రిటన్‌కి చెందిన ఫెరాంటీ కంపెనీ జెడ్ఎన్414 అనే చిప్ తెచ్చింది. చూడటానికి ట్రాన్సిస్టర్‌లా మూడే కాళ్లు, లోపల మాత్రం ఏఎం రేడియోకి కావాల్సిన యాంప్లిఫయర్లూ డిటెక్టరూ ఉంటాయి. ఇవాళ అదే పని చేసే టీఏ7642 ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా దొరుకుతోంది. ఫెరైట్ రాడ్ మీద కాయిల్, గ్యాంగ్, ఈ చిప్, రెండు మూడు రెసిస్టర్లు, కండెన్సర్లు, ఇయర్‌ఫోన్‌కి గొంతునివ్వడానికి ఒక బీసీ547. ఒకటిన్నర వోల్టుల పెన్ సెల్ ఒక్కటే. లాగే కరెంటు కొద్ది మిల్లీఆంపియర్లే కాబట్టి ఒక్క సెల్ మీద రోజుల తరబడి నడుస్తుంది.

దీని గొప్పదనం ఫెరైట్ రాడ్‌లో ఉంది. ఏరియల్ ఇంట్లోనే ఉంటుంది, బయట తీగ అక్కర్లేదు, పిడుగు భయం లేదు. పైగా దానికి దిక్కులు తెలుసు. రాడ్ కొన స్టేషన్ వైపు చూస్తే సిగ్నల్ పడిపోతుంది, రాడ్ పక్కభాగం చూస్తే పెరుగుతుంది. నగరంలో కూర్చుంటే విజయవాడ పడమర కదా. రాడ్‌ను ఉత్తరం దక్షిణంగా పెడితే విజయవాడ గట్టిగా వస్తుంది. తూర్పు పడమరగా తిప్పితే విజయవాడ తగ్గిపోయి, ఈశాన్యాన ఉన్న విశాఖ ముందుకొస్తుంది. క్రిస్టల్ సెట్టు తలుపు మూయలేక వదిలేసిన పనిని ఇక్కడ మీ మణికట్టు చేస్తుంది. యాప్ లేదు, సెట్టింగ్ లేదు, తిప్పడమే.

లోపాలు లేవని కాదు. ట్యూనింగ్ సర్క్యూట్ ఒక్కటే కాబట్టి రాత్రి పూట దూరపు స్టేషన్లు గుంపుగా వచ్చినప్పుడు ఇదీ తికమక పడుతుంది. వోల్టేజీ కొంచెం ఎక్కువైతే ఈల వేస్తుంది. సెల్ ఒకటిన్నర వోల్టులు దాటకూడదు.

సెట్టు 3: సూపర్‌హెట్ కిట్

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో కనిపెట్టిన పద్ధతి. వచ్చిన ప్రతి స్టేషన్‌నీ ముందు ఒకే ఫ్రీక్వెన్సీకి, సాధారణంగా 455 కిలోహెర్ట్జ్‌కి మార్చి, అక్కడ తీరిగ్గా వడకడుతుంది. విజయవాడ 837 వినాలంటే లోపలి ఆసిలేటర్ 1292 దగ్గర కూర్చుంటుంది. 1292లోంచి 837 తీసేస్తే 455. వడపోత ఎప్పుడూ ఒకే చోట జరుగుతుంది కాబట్టి బాగా ఇరుకుగా చేయొచ్చు. అందుకే 9 కిలోహెర్ట్జ్ మెట్టును గౌరవించే సెట్టు ఈ పోటీలో ఇదొక్కటే.

వినడానికి ఇదే బెస్ట్. స్పీకర్‌లో ఇంటిల్లిపాదీ వినొచ్చు. రాత్రి పూట, పై వాతావరణంలో పగలు సిగ్నల్‌ను మింగేసే పొర పలచబడ్డాక, 375 కిలోమీటర్ల హైదరాబాద్ కూడా ఆకాశం మీంచి తగిలి వచ్చే అవకాశం ఉంది. ఒక్కోసారి పెరుగుతూ, ఒక్కోసారి తగ్గుతూ వస్తుంది. అది సెట్టు తప్పు కాదు, ఆకాశం లక్షణం.

కష్టం కూడా ఇక్కడే ఎక్కువ. సోల్డరింగ్ అయిపోయాక రంగురంగుల ఐఎఫ్‌టీ డబ్బాలను ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ సరిచేయాలి. కిట్ కొన్నవాళ్లలో చాలామంది ఆగిపోయేది అక్కడే. మొదటి ప్రాజెక్టుగా దీన్ని ఎంచుకోవద్దు, రెండోదిగా చేయండి.

సెట్టు 4: డీఎస్‌పీ ఎఫ్ఎం మాడ్యూల్

ఇది మన పాఠకులకు బాగా తెలిసిన లోకం. ఆర్‌డీఏ5807 లాంటి మాడ్యూల్, గోరంత ఉంటుంది. ఆర్డుయినోకి రెండు తీగలతో మాట్లాడుతుంది, 3.3 వోల్టులు చాలు. స్టేషన్ నంబర్ కోడ్‌లో రాస్తే అక్కడికే పోయి నిలబడుతుంది. స్టీరియో, స్పష్టమైన సౌండ్. వంద మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం అంటే 75 సెంటీమీటర్లే కాబట్టి చిన్న తీగముక్క ఏరియల్ అయిపోతుంది. విజయవాడ ఏఎంకి అదే లెక్క వేస్తే 90 మీటర్లు వస్తుంది!

టవర్ దగ్గర్లో ఉన్నంతసేపు మిగతా మూడింటినీ సౌండ్ క్వాలిటీలో చిత్తుగా ఓడిస్తుంది. కానీ మొదట చెప్పుకున్న ఏభై కిలోమీటర్ల గీత దీనికి తల మీద వేలాడుతూనే ఉంటుంది.

ఎలా పోల్చాలి

బాగా వచ్చింది, సుమారుగా వచ్చింది అని రాస్తే రివ్యూ అవదు. రేడియో శ్రోతలకు ఎప్పటి నుంచో ఒక స్కోరు పద్ధతి ఉంది, సిన్పో అంటారు. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల గోల, గరగర, ఎగుడుదిగుళ్లు, మొత్తం మీద ఎలా ఉంది. ఈ ఐదింటికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఐదైదులు వస్తే పక్క గదిలో ఉన్నట్టు. నాలుగు సెట్లనూ ఒకే గదిలో, ఒకే చోట, ఒకే మనిషి వినాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. ఏఎం సెట్లు మూడిటికీ స్టేషన్ ఒకటే ఉండాలి.

ఇంకో పరీక్ష తప్పక చేయండి. ముందు ఇంట్లో అన్నీ ఆన్‌లో ఉండగా వినండి. తర్వాత ఇంట్లోవాళ్లకి చెప్పి మెయిన్ ఆఫ్ చేసి వినండి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, టీవీ అడాప్టర్, వీటన్నిటి లోపలా సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ అయ్యే సర్క్యూట్లు ఉంటాయి. ఆ చప్పుడు సరిగ్గా మీడియం వేవ్ మీదే పడుతుంది. ఏఎం అంటే గరగరే అని మన తరానికి ఉన్న చెడ్డ అభిప్రాయంలో పెద్ద వాటా మన ఛార్జర్లదే. మెయిన్ ఆఫ్ చేయగానే ఆ తెర తొలగిపోతుంది.

ఇక తుపాను రాత్రి సంగతి ఆలోచించండి. ఊరంతా కరెంటు పోతుంది. మీ ఛార్జరే కాదు, పక్కింటి బల్బు, వీధి చివర ఇన్వర్టర్ దాకా కాసేపటికి అన్నీ ఆగిపోతాయి. మెరుపులకు చిటపటలు వస్తాయి, నిజమే. కానీ ఊరి గోల ఉండదు. ఫోన్ చచ్చిపోయే గంటలోనే ఏఎం రేడియోకి జీవం వస్తుందన్నమాట. రిసెప్షన్ పరీక్షలను కరెంటున్న గదుల్లోనే చేసి ఏఎం పనికిరాదని తీర్పు చెప్పేవాళ్లు ఈ ఒక్క ముక్క వదిలేస్తున్నారు.

మరి ఫోన్ సంగతి?

ఫోన్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. 2023లో ప్రభుత్వం సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని పరీక్షించినప్పుడు అందరి ఫోన్లూ ఒకేసారి పెద్దగా మోగడం మీకు గుర్తుండే ఉంటుంది. తుపానుకి ముందు జనాన్ని కదిలించడానికి అంతకంటే వేగమైన దారి లేదు. కానీ అది టవర్ బతికున్నంతసేపే. తుపాను దాటాక, ఏ రోడ్డు తెగింది, నీళ్ల బండి ఎప్పుడొస్తుంది, ఏటిగట్టు ఎక్కడ బలహీనంగా ఉంది అని తెలియాల్సిన రెండు మూడు రోజుల సంగతి ఎవరు చూస్తారు?

అందుకే ఫోన్‌లో ఎఫ్ఎం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల వైర్‌లెస్ చిప్‌లలో ఎఫ్ఎం రిసీవర్ ఉంటుంది. దాన్ని వాడుకోనివ్వడమా మూసేయడమా అన్నది కంపెనీ ఇష్టం. 2023 ఏప్రిల్‌లో మన ఐటీ మంత్రిత్వ శాఖ ఫోన్ తయారీదారులకు ఒక సూచన పంపింది. ఎఫ్ఎం ఉన్న ఫోన్లలో దాన్ని ఆపేయొద్దని, లేని వాటిలో చేర్చమని, అందుకు కారణాల్లో విపత్తులు కూడా ఒకటని. అమెరికాలో 2017లో హరికేన్ల తర్వాత ఇదే గొడవ జరిగితే, ఐఫోన్ 7, 8లలో ఎఫ్ఎం చిప్ గానీ దానికి ఏరియల్ గానీ లేవని ఆపిల్ జవాబిచ్చింది. ఇయర్‌ఫోన్ తీగే ఎఫ్ఎంకి ఏరియల్. హెడ్‌ఫోన్ జాక్ తీసేసిన రోజునే ఆ దారి సగం మూసుకుపోయింది.

నా మాట ఒక్కటే. తీరప్రాంత జిల్లాల్లో అమ్మే బడ్జెట్ ఫోన్‌కి మనం రివ్యూ రాస్తున్నప్పుడు నెట్ లేకుండా ఎఫ్ఎం పనిచేస్తోందా అన్నది కెమెరా మెగాపిక్సెళ్లతో పాటు రాయాలి. పనిచేయకపోతే మార్కులు తగ్గించాలి. సూచన సూచనగానే మిగిలిపోకుండా చూడగలిగేది కొనేవాళ్లూ, రాసేవాళ్లూ.

రెండో మాట ప్రసార భారతికి. కొన్నేళ్లుగా దేశంలో చాలా ఏఎం ట్రాన్స్‌మిటర్లను ఆపేస్తూ ఎఫ్ఎం వైపు మళ్లుతున్నారు. వినేవాళ్లు తగ్గారు, కరెంటు బిల్లు భారీగా ఉంటుంది, వాళ్ల లెక్క అర్థం చేసుకోలేనిది కాదు. కానీ డెల్టా తీరానికి ఏఎం మనోరంజనం కాదు, బీమా. ఏడాదంతా వాడకపోయినా బీమా కడతాం కదా. చుట్టుపక్కల ఎఫ్ఎం టవర్లు పడిపోయినా నూట ముప్పై కిలోమీటర్ల అవతలి నుంచి చేరే గొంతు ఒక్కటైనా ఉంచాలి.

తీర్పు

తుపాను రాత్రికి నా ఓటు సెట్టు 2కే. ఒక్క చిప్, ఒక్క సెల్, బయట తీగ లేదు, దిక్కు తిప్పి వినొచ్చు. రోజూ వినడానికి సూపర్‌హెట్. టవర్ దగ్గర్లో ఉంటే, కోడింగ్ సరదా ఉంటే డీఎస్‌పీ మాడ్యూల్. క్రిస్టల్ సెట్టు అందరూ ఒక్కసారైనా చేయాల్సింది, కానీ ఎండాకాలం ఆదివారం పూట. తయారుచేసే ఓపిక లేకపోతే సెల్స్‌తో నడిచే మామూలు పాకెట్ రేడియో కొనుక్కోండి, అదేమీ తక్కువతనం కాదు.

మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు. మీరు వినాలనుకునే స్టేషన్ ప్రస్తుతం ప్రసారంలో ఉందో లేదో పనిచేసే ఏఎం రేడియో ఒకటి తెచ్చి ముందే చూసుకోండి. లేకపోతే మంచి సెట్టును పట్టుకుని తప్పు వెతుకుతూ కూర్చుంటారు. ఏరియల్ తీగను కరెంటు తీగల పైనుంచి గానీ కిందనుంచి గానీ పోనివ్వకండి, ఎర్త్ కోసం ప్లగ్గు సాకెట్ జోలికి వెళ్లకండి. వినడానికి లైసెన్సు అక్కర్లేదు, కానీ ఉత్సాహం కొద్దీ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కట్టడం చట్టవిరుద్ధం. ప్రసారం చేయాలనుంటే హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తీసుకోండి.

బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. సెప్టెంబర్‌లోపు చేసేసి, చీకట్లో చేత్తో తడిమి 837 పట్టుకోగలిగేలా డయల్ మీద ఒక గంటు పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఎలా తిప్పాలో చూపించండి. సెల్ మాత్రం సెట్టులో వదిలేయకండి, కారి తుప్పు పట్టిస్తుంది. పక్కనే ప్లాస్టిక్ కవర్‌లో రెండు కొత్త సెల్స్ చుట్టి పెట్టండి.